కదలని వ్యాను

"పదకొండింటికి తుక్కు లారీ వస్తోంది బర్నీస్. ఈలోగా నీ వ్యాను ఒక్క అంగుళం కదిలినా సరే, లారీని తిప్పి పంపేస్తా," అన్నాడు ఆమె భర్త క్లైడ్.

పాన్‌కేక్ నోట్లో పెట్టుకోబోతున్న బర్నీస్ ఆగిపోయింది.

ముప్ఫై ఏళ్లు అమెరికాలోని టకోమా ఊళ్లో స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి ఆమె. ఇంటి గరాజులోనే 1968 నాటి నీలం వ్యానులోంచి పెట్రోలు ఇంజను పీకేసి, కరెంటు మోటారు పెట్టి, బ్యాటరీలు బిగించింది. ఎనిమిది నెలలైంది. లైట్లు వెలిగాయి, హారన్ మోగింది, వైపర్లు సలాములు కొట్టాయి. చక్రాలు మాత్రం తిరగలేదు.

"ఇంకొక్క వారం ఆగు."

"క్రిస్మస్ నుంచీ ఇదే పాట. లక్షణంగా పరుగెత్తే బండిని చంపుకున్నావు."

"పరుగెత్తేదా? మిట్ట వచ్చినప్పుడల్లా దిగి తోసిందెవరు? నువ్వు స్టీరింగు పట్టుకుని ఈల వేస్తూ కూర్చునేవాడివి!"

"దీనికంటే మీ అమ్మే నయం. పోయి పదేళ్లయినా ఈ ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది."

బర్నీస్ విసిరిన పాన్‌కేక్ సిరప్‌తో సహా వెళ్లి క్లైడ్ కళ్లజోడుకి అతుక్కుంది. అతను తుడుచుకునేలోపే ఆమె గరాజులోకి విసవిసా నడిచింది.

మరుక్షణం అక్కడి నుంచి కేక. "క్లైడ్! పదకొండింటికన్నావు కదరా ముసలాడా! నేను తిండి తింటుంటే దొంగచాటుగా పంపించేస్తావా?"

క్లైడ్ పరుగెత్తుకొచ్చాడు. గరాజు తలుపు బార్లా తెరిచి ఉంది. చార్జింగు వైరు నేలమీద పడుంది. వ్యాను లేదు.

"నేను కాదే, ఒట్టు!" అన్నాడు క్లైడ్. "తుక్కుకి ఇస్తానన్నది నిన్ను బెదిరించడానికే. అది మా నాన్న బండి."

"మరి లారీ?"

"ఏ లారీ? నేనెవర్నీ పిలవలేదు."

ఎదురింటి లొరెయిన్ గులాబీలకు నీళ్లు పడుతూ చెయ్యి ఊపింది. "అదేంటి క్లైడ్, ఇంట్లోనే ఉన్నావా? ఇప్పుడే వ్యాను తోలుకుంటూ వెళ్లింది నువ్వు కాదూ?"

"తోలుకుంటూనా?" అన్నారిద్దరూ ఒక్కసారే.

"టోపీ పెట్టుకుని ఒక్కడే ఉన్నాడు. నువ్వే అనుకుని పలకరించా, వాడూ నవ్వాడు. చప్పుడు లేకుండా పిల్లిలా వెళ్లిపోయింది. ఎంత ముచ్చటగా ఉందో!"

క్లైడ్ మెట్ల మీద కూలబడి పోలీసులకు ఫోన్ చేశాడు. బర్నీస్ మాత్రం రోడ్డు మధ్యలో నిలబడి ఖాళీ వీధి చివరిదాకా చూస్తోంది.

పది నిమిషాల్లో పోలీసు ఆఫీసరమ్మ వచ్చింది. వివరాలన్నీ రాసుకుంది. తలవంచుకుని నిలబడ్డ బర్నీస్ భుజం మీద జాలిగా చెయ్యి వేసింది.

"బాధపడకండమ్మా. అలాంటి పాత వ్యాను ఎక్కడున్నా ఇట్టే తెలిసిపోతుంది. సాయంత్రంలోగా వాడికి బేడీలు వేసి లోపలేస్తాం."

బర్నీస్ గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది.

"బేడీలు నిదానంగా వేద్దురు గానీ, మేడమ్, ముందు దాన్ని ఎలా స్టార్ట్ చేశాడో అడిగి చెప్పండి!"