ఏడో నంబరు శాల్తీ

“మనిషి అనొద్దమ్మా, శాల్తీ అను. రెండు దేశాల రికార్డుల్లోనూ అలాగే ఉంది,” అని ఆఫీసరు దుబాసీని సరిదిద్దాడు.

ఆమె తలూపింది. రోజూ వచ్చే దుబాసీకి జ్వరం రావడంతో ఆ ఉదయమే ఆమెను పిలిపించారు. ఫైలు మాత్రం చూపించలేదు. ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేస్తే చాలన్నారు.

బల్లకు ఇటు ఆఫీసరు, అటు పొరుగు దేశపు కర్నల్. వెనక గోడకు ‘ఉగ్రవాదంపై ఉమ్మడి పోరు’ అని బ్యానరు. ఆ పోరు కాస్తా పొద్దుట్నుంచీ ‘మీరు తీసుకోండి’, ‘కాదు, మీరే ఉంచుకోండి’ దగ్గరే చతికిలబడింది. ఇక్కణ్ణుంచి వెళ్లి సరిహద్దు అవతల తిష్ఠ వేసిన ముఠా స్థావరం మీద కర్నల్ సైన్యం దాడి చేస్తే అందరూ పోయి, ఏడో నంబరు శాల్తీ ఒక్కటే మిగిలింది. ఇప్పుడది కర్నల్ క్యాంపులో ఉంది.

ఆ ముఠా పేరు వింటేనే దుబాసీకి నెత్తురు ఉడుకుతుంది. వాళ్లు బస్సులో పెట్టిన బాంబుకే ఆమె తమ్ముడు బలైపోయాడు. ఆఖరి చూపుకు ముఖం కూడా మిగల్లేదు.

“మావల్ల కావట్లేదు అంటున్నారు సార్,” అంది కర్నల్ మాట వింటూ. “వేలిముద్రలు తియ్యడానికి ముగ్గురు పట్టుకోవాల్సొచ్చిందట. పిడికిలే విప్పదట. విచారణలో ఒక్క ముక్క చెప్పలేదట. రాత్రంతా ఒకటే అరుపులు, కాపలావాళ్లకు కంటి మీద కునుకు లేదట. ఒకడి మొహం రక్కేసిందట.”

“ఆ రక్తం అలాంటిది మరి!” ఆఫీసరు బిస్కెట్టు టీలో ముంచాడు. “రేపు ఏం చేస్తుందో ఎవడు హామీ ఇస్తాడు? జన్మంతా నిఘా పెట్టాలి. ఆ ఖర్చు వాళ్లు భరిస్తామంటే తీసుకుంటాం. లేదంటే లేదు.”

ఇద్దరూ పాత సామాను బేరంలా మాట్లాడుతుంటే ఆమెకు రోత పుట్టింది. విరామంలో వరండాలోకి వచ్చింది. బెంచీ మీద ఒక ముసలామె కూర్చుని ఉంది.

“ఏడో నంబరు తాలూకు,” అన్నాడు గార్డు. తల్లి కాబోలు అనుకుంది దుబాసీ.

ముసలామె ఆమె చెయ్యి పట్టుకుంది. “ఇచ్చేస్తారంటావా తల్లీ? నా కళ్లముందుంటే చాలు. నేను చూసుకుంటా.”

“మా తమ్ముడు కూడా మా కళ్లముందు ఉండాల్సినవాడే,” అంటూ చెయ్యి విదిలించుకుంది దుబాసీ. లోపలికెళ్లేముందు ఆ చేతిని సబ్బుతో కడుక్కుంది.

మళ్లీ కూర్చోగానే కర్నల్ నిట్టూర్చాడు. నిఘా ఖర్చు తమదేనన్నాడు. సాయంత్రానికల్లా శాల్తీని ఇక్కడ గేటు దగ్గర దింపిస్తామన్నాడు. ఆ గదిలో రెండు భాషలూ తెలిసినది ఆమె ఒక్కతే.

“ఏమంటాడు?” అన్నాడు ఆఫీసరు.

ఆమె చూపు బల్ల మీదికి దించింది. “కుదరదంటున్నారు సార్.”

“పీడా పోయింది. వాళ్లనే ఉంచుకోమను.”

ఆ మాట మాత్రం పొల్లు పోకుండా చెప్పింది. కర్నల్ భుజాలెగరేసి, అయితే ఇవాళే కొండల్లోని జైలుకు పంపేస్తామన్నాడు. తర్వాత ఇద్దరూ చేతులు కలిపి, బ్యానరు ముందు ఇకిలిస్తూ ఫోటోలు దిగారు. ఆమె మొహం తిప్పుకుంది. అయినా తమ్ముడి రుణం కొంచెం తీర్చుకున్నానని సర్దిచెప్పుకుంది.

వరండాలో ముసలామె ఎదురొచ్చింది.

“ఇవ్వరట. జైలుకు పంపుతున్నారు,” అంది దుబాసీ. “చేసినదానికి అనుభవించాలిగా మరి!”

ముసలామె అర్థం కానట్టు చూసింది.

“ఏం చేసింది తల్లీ? పాలపళ్లయినా రాలేదు దానికి.”