గడ్డివాలు కింద భోజనం

మర్యేట ఇంట్లో అద్దెకు దిగినావిడకు కాస్త తిక్క ఉందని పక్కింటి లోయ్‌జ్క ఊరంతా చెప్పుకొచ్చింది.

"పొద్దున్నే పార భుజానేసుకుని కొండెక్కుతుందట. మంచులో నడుం లోతు గొయ్యి తవ్వి, అందులోకి దిగి, గోడ వాసన చూస్తుందట! మర్యేటే చెప్పింది నాకు."

వడ్రంగి యెర్నేయ్ విని నవ్వేసి ఊరుకున్నాడు. అతనికి ఆ రోజు అంతకన్నా పెద్ద పని ఉంది. కాబోయే మామగారు వెంత్సెల్, కూతురు తింకారాను వెంటబెట్టుకుని లుబ్లానా నగరం నుంచి దిగాడు. పిల్లనిచ్చే ముందు, ఈ బోహిన్ లోయ కుర్రాడికి కొండ ఏపాటి తెలుసో తేల్చుకోవాలని ఆయన పట్టుదల.

"మంచు సంగతేంటి అబ్బాయ్?" స్కీలు తొడుక్కుంటూ అడిగాడు వెంత్సెల్.

యెర్నేయ్ ఫోన్లో మంచు జారే ప్రమాదాన్ని ఒకటి నుంచి ఐదు దాకా చెప్పే బులెటిన్ తెరిచాడు. పసుపు గడిలో అంకె కనబడగానే మూసేశాడు.

"రెండో నంబరు మామయ్యా. ఐదుకి రెండంటే ఏమీ లేనట్టే!"

మధ్యాహ్నానికి యెర్నేయ్ తాతలు గడ్డి కోసుకున్న కొండవాలు, అదే గడ్డివాలు, కిందికి చేరారు. మార్చి ఎండ వీపు కాలుస్తోంది. స్కీలు విప్పి మంచులో గుచ్చి, పొగబెట్టిన సాసేజీలు, అక్రోట్లు చుట్టిన పొతిత్స రొట్టె బయటికి తీశారు.

అప్పుడొచ్చింది ఆ తిక్కావిడ. అరవై దాటి ఉంటాయి. వీపున పార, కాళ్లకు స్కీలు.

"ఈ వాలు మీద గడ్డి కోసి ఎన్నేళ్లయింది బాబూ?"

"చలికాలంలో గడ్డెందుకు పెద్దమ్మా? మేకలేమైనా తెచ్చుకున్నారా?" అన్నాడు యెర్నేయ్.

తింకారా కిసుక్కున నవ్వింది.

"ఎన్నేళ్లయింది?"

"మా తాత పోయాక ఎవరు కోస్తారు? పన్నెండేళ్లు."

"కోయని గడ్డి మంచు బరువుకి కిందికి వాలి పడుకుంటుంది. దాని మీద మంచు నిలవదు. అదుగో, పైన అప్పుడే నోరు తెరిచింది. లేవండి."

ముగ్గురూ తలెత్తారు. వాలు నడుమ నల్లగా ఒక పగులుంది.

"మా తాత అరవయ్యేళ్లు ఇక్కడే కూర్చుని రొట్టె తిన్నాడు. ఒక్కనాడూ మంచు జారలేదు," అన్నాడు యెర్నేయ్. "పైగా బులెటిన్‌లో రెండో నంబరే. దాన్ని చదువుకున్నవాళ్లు రాస్తారు పెద్దమ్మా. గొయ్యి వాసన చూసేవాళ్లు కాదు!"

మామగారి ముందు మాట నెగ్గినందుకు అతని ఛాతీ రవ్వంత పొంగింది.

ఆవిడ వంగి తిండి సంచీ ఎత్తుకుని, పరిచిన సాసేజీలు కూడా అందులో వేసుకుని, స్కీల మీద సర్రున పక్క గట్టువైపు జారుకుంది.

"దొంగ! నా సాసేజీలు!" వెంత్సెల్ ఒక్క గెంతు గెంతాడు.

"నాన్నా, ఆగు!"

"ఏం ఆగేది? పట్టుకోండి దాన్ని!"

మోకాళ్ల దాకా దిగబడుతూ, లేస్తూ, తిడుతూ ముగ్గురూ ఆవిడ వెంటపడ్డారు. ఆవిడ గట్టు మీద దేవదారు చెట్ల వెనక ఆగింది. రొప్పుతూ అక్కడికి చేరారో లేదో, వెనక గోనెపట్టా చిరిగినట్టు చప్పుడైంది.

వాలు వాలంతా కిందికి దిగింది.

మంచు పొడి సర్దుకున్నాక చూస్తే, పైన పచ్చిక దువ్విన తలలా నున్నగా బయటపడి ఉంది. వాళ్లు కూర్చున్న చోట ఇంటెత్తు మంచు. మూడు జతల స్కీలూ దాని అడుగున.

వెంత్సెల్ నెమ్మదిగా కాబోయే అల్లుడి వైపు తిరిగాడు. యెర్నేయ్‌కి ఏదో ఒకటి అనక తప్పలేదు.

"తప్పు నాది కాదు మామయ్యా! రెండో నంబరని రాసినవాడిది! ఏ ఆఫీసులోనో హీటరు పక్కన కాళ్లు చాపుకుని రాసి ఉంటాడు వెధవ. దొరికాడంటే..."

ఆవిడ సంచీలోంచి ఒక సాసేజీ తీసి కొరికింది. సంచీ వెంత్సెల్ చేతికిచ్చింది.

"రాసేది నేనే బాబూ, పదిహేడేళ్లుగా. నిన్న అంకె కింద ఏడు వాక్యాలు రాశాను. పగులిచ్చిన గడ్డివాలు కింద కూర్చోవద్దన్నది మొదటిదే. మీలో ఎవరు చదివారు?"