తియ్యటి సాల్టు

బందరు కాలేజీ ల్యాబులో, ఇచ్చిన సాల్టు ఏమిటో ఎంతకీ తేలక షీబా గ్లవ్ తీసి అందులో వేలు ముంచింది. ఆ వేలు నాలుకను తాకేలోపే కెమిస్ట్రీ మేడమ్ దీప్తి గారు చెయ్యి పట్టుకున్నారు.

“ఏంటమ్మా ఇది?”

“ఏ సాల్టో తెలియట్లేదండీ. కొంచెం రుచి చూద్దామని.”

ల్యాబంతా ఘొల్లున నవ్వింది. షీబాది కృత్తివెన్ను. రొయ్యల చెరువుకి నీళ్లు పెట్టే ముందు వాళ్ల నాన్న ఓ చుక్క నాలుక మీద వేసుకుని ఉప్పెంతుందో చెప్పేస్తాడు. మీటరు మాట ఆ తర్వాతే.

“రేపు యాసిడ్ ఇస్తే పులుపు చూస్తావా తల్లీ?” అంటూ మేడమ్ ఆ వేలిని కుళాయి కింద పెట్టి కడిగారు. “ఇది సీసం కలిసిన సాల్టు, విషం. పైగా ఉప్పగా ఉండదు, తియ్యగా ఉంటుంది. ఇంకాస్త నాకాలనిపిస్తుంది.”

షీబా తలెత్తింది. “నాకాలనిపిస్తుందని పుస్తకంలో లేదు కదండీ. మీకెలా తెలుసు?”

మేడమ్ కుళాయి కట్టేశారు. చెయ్యి మాత్రం వదల్లేదు.

“మాదీ కృత్తివెన్నేనమ్మా. ఆ రోజు నా చెయ్యి పట్టుకోడానికి ఎవరూ లేరు.”