పునర్వసు 116

"లాట్ వదిలింది నువ్వేనమ్మా. పేరు చూడు," అంటూ మేనేజరు వేంకటేశ్వర్లు గారు కంప్యూటర్ తెరను లక్ష్మీదుర్గ వైపు తిప్పారు.

చూసింది. తన పేరే. బంటుమిల్లి దారిలో ఉన్న ఆ రొయ్యల ఫ్యాక్టరీలో ఆమె ఉద్యోగమంతా ఆపడమే. రొయ్యల్లో మందుల జాడ లేదని పరీక్ష రిపోర్టు వచ్చేదాకా సరుకు కదలకూడదు. రిపోర్టు చూసి సాఫ్ట్‌వేర్‌లో ఆమె 'విడుదల' నొక్కితేనే ఆ లాట్, అంటే ఆ విడత సరుకు, కంటైనరెక్కుతుంది. నిన్న రిపోర్టు రాని లాటొకటి ఎక్కేసింది. గుడివాడ దాటకముందే కంటైనర్‌ను వెనక్కి పిలిపించారు.

"నేను నొక్కలేదండీ."

"మరి నీ పేరెందుకు చూపిస్తోంది? కంప్యూటర్‌కేమైనా నీ మీద కక్షా?"

"నా పాస్‌వర్డ్ అందరికీ తెలుసండీ."

"ఎవరు చెప్పారు అందరికీ?"

"పంతులు గారు."

వేంకటేశ్వర్లు గారు నవ్వబోయి ఆగిపోయారు. ఆ సాఫ్ట్‌వేర్‌ను మొదలుపెట్టిన రోజున యజమాని ముహూర్తం చూపించి, శుభంగా ఉంటుందని ఎవరి జన్మనక్షత్రాన్ని వాళ్ళకే పాస్‌వర్డ్‌గా పెట్టించాడు. అంకెలు కూడా కావాలని కంప్యూటర్ పేచీ పెడితే అందరూ నూటపదహారు తగిలించారు. ఇక ప్రతి శుక్రవారం ఆఫీసు పూజలో పంతులు గారు సిబ్బంది పేర్లూ, గోత్రాలూ, నక్షత్రాలూ మైకులో చదువుతారు. ప్యాకింగ్ హాలు దాకా వినపడుతుంది.

"నాదీ ఇంతేగా," అని గొణుక్కున్నారాయన. తర్వాత గొంతు తగ్గించారు. "చూడమ్మా, ఇవాళ ఒకరిని ఇంటికి పంపాలి. ఓనరు గారి మాట. నువ్వు కాకపోతే ఎవరో చెప్పు. లేదంటే నిన్ను పంపడం తప్ప నాకు దారి లేదు."

లక్ష్మీదుర్గ నేల చూపులు చూసింది. తెలిసిన ముఖాలన్నీ వరసగా వచ్చి పోయాయి. ఒక ముఖం మాత్రం పోకుండా నిలబడింది.

"రెబెకా," అంది.

ప్యాకింగ్ చూసేది రెబెకాయే. కంటైనరొస్తే చాలు, తొందరపెట్టేస్తుంది. మొన్న భోజనాల దగ్గర, "నువ్వు తీరిగ్గా తిను అక్కా, నీ బదులు నేను నొక్కేస్తాలే," అని నవ్వింది కూడా. అది ఉత్త నవ్వని లక్ష్మీదుర్గకు తెలుసు. కానీ పేరు బయటపడగానే గుండెల మీది బరువు దిగిపోయింది. అబద్ధమే అయితే ఇంత తేలికగా ఎందుకుంటుంది, అనుకుంది.

కబురు వెళ్ళగానే రెబెకా రబ్బరు బూట్లతోనే వచ్చేసింది. విన్నాక ఒక్క క్షణం ఆమెకు అర్థం కాలేదు.

"నేనా? నీ నక్షత్రంతో నాకేం పని అక్కా? నేనసలు పూజకే రానుగా!"

"ప్రసాదానికి గుమ్మందాకా వస్తావుగా."

"పులిహోర కోసం వస్తాను. నీ జాతకం కోసం కాదు."

"గొడవొద్దమ్మా," అన్నారు మేనేజరు గారు. "సంగతి తేలేదాకా ఇంటి దగ్గరుండు."

రెబెకా ఆయన వంక చూడలేదు. "నిజంగా నేనే చేశాననుకుంటున్నావా అక్కా?"

లక్ష్మీదుర్గ తలూపింది. ఊపేదాకా ఏ మూలో చిన్న సందేహం ఉంది. ఊపాక అదీ లేదు. రెబెకా తలకున్న టోపీ తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

సీటులోకి వచ్చి, అటూ ఇటూ చూసి, లక్ష్మీదుర్గ పాస్‌వర్డ్ మార్చేసింది. ఈసారి నక్షత్రం లేదు, నూటపదహారు లేదు. చిన్నప్పుడు తనకు తాను పెట్టుకుని, ఎవరి చేతా పిలిపించుకోని ఒక పేరు. ఇన్నేళ్ళ తర్వాత దాన్ని అక్షరం అక్షరంగా కొడుతుంటే, సొంత గదిలోకి వెళ్ళి లోపలి నుంచి గడియ పెట్టుకున్నట్టనిపించింది. ఇంక ఎవరూ రాలేరు.

మధ్యాహ్నానికి ఫోన్ల హడావుడి మొదలైంది.

"మేడమ్, కంటైనరొచ్చి నిలబడిందండీ."

"అలాగేనండీ."

"చెరువుల బళ్ళు ఎండలో ఉన్నాయండీ, ఐసు కరిగిపోతోంది."

"అలాగేనండీ, చూస్తాను."

ఫోను భుజానికీ చెవికీ మధ్య ఉంది. తెర మీద ఒకదాని వెనక ఒకటి గళ్ళు లేస్తున్నాయి. సరేనా? ఖాయమా? కొనసాగించాలా? వేలు దాని పాటికది నొక్కుకుంటూ పోతోంది. ఆమె మాత్రం అక్కడ లేదు. రెబెకా వెంట బస్సులో ఉంది. ఇంటికెళ్ళి ఏం చెప్పి ఉంటుంది? తిట్టి ఉంటుందా? తిడితేనే బాగుండును. తప్పు చేసినవాళ్ళే కదా తిట్టేది, అని సర్దిచెప్పుకుంది.

పొద్దువాలుతుండగా వేంకటేశ్వర్లు గారు తన గదికి పిలవకుండా తానే ఆమె సీటు దగ్గరికి వచ్చారు. కూర్చోలేదు.

"ఇంకో లాట్ వెళ్ళిపోయింది. దీనికీ రిపోర్టు లేదు."

"ఎవరి పేరుందండీ?"

"నీదే."

ఆమె తెర వైపు తిరిగి చూసింది.

"రెబెకా పొద్దుటి నుంచీ ఇంటి దగ్గరే ఉందిగా. మరిప్పుడు ఎవరంటావు? పంతులు గారు చదివే ఆ నక్షత్రమే ఇంకా వాడుతున్నావా?"

లక్ష్మీదుర్గ ముఖం ఒక్కసారిగా విప్పారింది. రోజంతా ఈ ఒక్క ప్రశ్న కోసమే కాచుకున్నదానిలా గబగబా చెప్పింది:

"లేదండీ, అది పొద్దున్నే మార్చేశాను. ఇప్పుడది నాకు తప్ప ఈ లోకంలో ఎవరికీ తెలియదు."