కిటికీ అక్క

గొడుగు ముఖానికి అడ్డం పెట్టుకుని, కార్లు వెళ్లే దారిలో నడిచి వచ్చి ఆవిడ బర్గర్ల షాపు బయట ఆర్డర్లు తీసుకునే స్తంభం ముందు నిలబడింది. మధ్యాహ్నం మూడు దాటింది. వెనక ఒక్క కారూ లేదు. లోపల తనతో పనిచేసిన పాతవాళ్లెవరైనా చూస్తే తల ఎక్కడ పెట్టుకోవాలా అన్నదే ఆవిడ బెంగ.

ఆ బర్గర్ల షాపు కిటికీలో కూర్చుని, కార్లలో వచ్చేవాళ్ల దగ్గర పదకొండేళ్లు ఆర్డర్లు తీసుకుంది. పదకొండేళ్లంటే మాటలా? షాపులో అందరికీ ఆవిడ కిటికీ అక్కే. మూడు నెలల కిందట మేనేజరు ఆ స్తంభం పాతించాడు. మాట్లాడే మిషనట. సెలవు అడగదట, జ్వరం రాదట, దాని వెనక మనిషన్నవాడే ఉండడట.

"దాని అద్దె మీ జీతంలో సగమే అక్కా. పైవాళ్లు లెక్క చూశారు, నేనేం చేయను" అన్నాడు, ఆవిడ కళ్లలోకి చూడకుండా.

ఇంట్లో చెప్పడానికి ఆవిడకు నోరు రాలేదు. కూతురికి అప్పుడే కొత్తగా ఉద్యోగం వచ్చింది. పొద్దస్తమానం చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని చేసే పనట. ఏం పనో ఇంట్లో కూడా చెప్పకూడదని సంతకం పెట్టించుకున్నారట. జీతం మాత్రం తల్లి జీతంలో సగం. "నా చెప్పులకు కూడా చాలదే నీ జీతం" అని ఆటపట్టించింది తనే. ఇక ఆ జీతం మీదే బతకాలని ఏ మొహం పెట్టుకుని చెప్తుంది? అందుకే రోజూ యూనిఫాం వేసుకుని, అన్నం డబ్బా పట్టుకుని బయల్దేరుతోంది.

ఈవేళ ఆ మిషన్‌ని నాలుగు దులిపి పోదామని వచ్చింది.

"స్వాగతం. ఆర్డర్ చెప్పండి" అంది స్తంభం, మగో ఆడో తెలియని రేకుడబ్బా గొంతుతో.

"నీకేం చెప్పేది? నా సీట్లో కూర్చున్నావు. సుఖంగా ఉన్నావా?"

ఆ తర్వాత నోటిదాకా వచ్చిన తిట్లు ఎందుకో ఆగిపోయాయి. ఎదురుగా మనిషి లేకపోతే సిగ్గు కూడా పక్కకు తప్పుకుంటుంది కాబోలు, ఎవరికీ చెప్పనిది దానికి చెప్పేసింది.

"మూడు నెలల్నించీ రైలు స్టేషన్ వెనక పార్కులో కూర్చుంటున్నా. నీళ్ల పంపు పక్క బెంచీ. సాయంత్రం దాకా అక్కడే. ఇంట్లో పిల్లకు తెలిస్తే నా పరువేం కావాలి? నీకు చెప్తే ఏంలే. నీకు అమ్మా, నాన్నా ఎవరున్నారు గనక."

చాలాసేపు గరగర తప్ప ఏమీ వినిపించలేదు. చెడిపోయిందేమో అనుకుంది.

"ఒక బర్గర్... ఉల్లిపాయ లేకుండా... కిటికీ దగ్గర తీసుకోండి" అంది చివరికి.

తను ఉల్లిపాయ తినదని ఆవిడ అననేలేదు. ఈ మాయదారి మిషన్లకు తెలియనిది లేదు గదా అని గొణుక్కుంటూ, బర్గర్ తీసుకోకుండానే గొడుగు చాటున వచ్చేసింది.

సాయంత్రం కూతురు ఇంటికి వచ్చేసరికి దాని కళ్లు ఉబ్బి ఉన్నాయి. హెడ్‌ఫోన్లు నొక్కి చెవుల వెనక రోజూ ఉండే ఎర్రటి చార సరేసరి. పని అలసటేననుకుంది తల్లి. ఈవేళ కిటికీ దగ్గర ఊపిరాడనంత రద్దీ అని ఎప్పటి అబద్ధమే చెప్తూ వడ్డించింది.

కూతురు కంచంలోంచి తలెత్తలేదు.

"అమ్మా, రేపట్నించి ఆ నీళ్ల పంపు పక్కన కూర్చోకు."

గరిటె ఆవిడ చేతిలోనే ఉండిపోయింది.

ఆ బెంచీ సంగతి ఆవిడ చెప్పుకున్నది ఒక్క మిషన్‌కే.