పదిహేడో తప్పు

ఆ వారం కూడా కార్డు వచ్చింది.

"మీ కార్డు మాస్టారు, మేడం. వారం తప్పరు," అంటూ అటెండర్ దాన్ని సబ్ ఎడిటర్ బల్ల మీద పెట్టాడు.

ఆదివారం పేజీలో ఆమె రాసే 'మాట పుట్టిన చోటు'కి అభిమానులు బోలెడుమంది. ఇంగ్లిష్ జాతీయాలు ఎలా పుట్టాయో చిన్న కథలా చెబుతుంది. అందరూ మెచ్చుకుంటూ రాస్తారు. ఈయనొక్కరే తప్పులు పడతారు.

నీలం సిరా, గుండ్రటి అక్షరాలు.

'అమ్మా, సేవ్డ్ బై ద బెల్ అనే మాట బతికుండగానే పూడ్చేసినవాళ్లు మోగించడానికి సమాధికి గంట కట్టడం వల్ల పుట్టిందన్నారు. అది కట్టుకథ. బాక్సింగ్‌లో దెబ్బలు తింటున్నవాణ్ణి రౌండు ముగిసిందని కొట్టే గంట కాపాడుతుంది. అక్కడిదీ మాట. వీలైతే సవరణ వేయండి.'

కింద ఎప్పటిలాగే 'ఒక పాఠకుడు'.

"పనీపాటా లేని మనిషి," అని కార్డును సొరుగులో పడేసింది. అది పదహారోది.

సవరణ వేయడానికి ఆమెకు ముఖం చెల్లలేదు. ఎక్కడ చదివారని ఎవరైనా అడిగితే ఏం చెబుతుంది? శీర్షిక మొత్తం ఒకే పుస్తకంలోంచి వస్తోంది. ఫుట్‌పాత్ మీద దొరికిన పాత తెలుగు పుస్తకం. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. పేరే లేనిదాన్ని ఎవరిదని చెప్పను అని మొదట్లో సర్దిచెప్పుకుంది. తర్వాత తన పేరు పక్కన 'పరిశోధన' అని వేసుకుంది. ఆ మాట కంటపడినప్పుడల్లా మనసు పీకేది. అయినా తీయలేదు.

ఈలోగా ఆ వ్యాసాలన్నీ పుస్తకంగా వస్తున్నాయని పేపర్లో ప్రకటన పడింది.

మూడో రోజు మధ్యాహ్నం ఒక పెద్దాయన ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో కాగితం పొట్లం.

"కార్డులు రాసేది నేనేనమ్మా. పుస్తకం ప్రెస్సుకి వెళ్లిపోయిందా?"

"రేపు వెళ్తుంది. ఏం?"

"ఒక్క గంట కూర్చుంటే పదిహేడు చోట్లా దిద్దేయొచ్చు. పేపరయితే మర్నాటికి మర్చిపోతారు. పుస్తకంలోకి ఎక్కిన తప్పు ఇక పోదమ్మా."

"మీరు రాసింది పదహారు కార్డులే కదా?"

"పదిహేడోది మీరింకా వేయలేదు. కోల్డ్ షోల్డర్."

ఆమె చూపు కంప్యూటర్ మీదికి పోయింది. సరిగ్గా ఆ వ్యాసమే, పుస్తకంలో చివరిది, తెర మీద సగం టైపయి ఉంది. అయితే ఆ పుస్తకం ఈయన దగ్గరా ఉందన్నమాట. దొంగతనం పట్టుకున్నాడన్నమాట.

పక్క బల్లలవాళ్లు చెవులు రిక్కించారు. భయమంతా కోపంగా మారింది.

"తప్పులు ఎవరైనా పడతారండీ. మీరెప్పుడైనా ఒక్క పుస్తకం రాశారా? రాస్తే తెలిసేది ఆ కష్టం."

పెద్దాయన చంకలో పొట్లాన్ని ఒకసారి చూసుకున్నాడు.

"కష్టమేనమ్మా," అన్నాడు.

ఆమె కుర్చీ అటు తిప్పేసుకుంది.

"రావద్దనుకున్న అతిథికి చల్లారిన భుజం మాంసం పెట్టేవారని అందులో ఉంటుంది," అన్నాడు వెనక నుంచి, మెల్లగా. "దానికి ఆధారం లేదమ్మా. మనిషి వస్తే ముఖం తిప్పుకుని భుజం చూపించడం, అంతే."

అప్పుడు ఆయనకు కనిపిస్తున్నది ఆమె భుజమే.

పొట్లం అటెండర్ చేతికిచ్చి వెళ్లిపోయాడు. అందులో ఏముందో ఆమెకు తెలుసు. విప్పకుండానే సొరుగులో తోసేసింది.

పుస్తకం వచ్చింది. పదిహేడు తప్పులూ అలాగే అచ్చయ్యాయి. అందరూ ఆమె పరిశోధనని తెగ పొగిడారు. ఆమెకు మాత్రం ఒక్క పొగడ్తా ఒంటబట్టలేదు.

కార్డులు ఆగిపోయాయి. టపా వచ్చే వేళకి ఆమె కళ్లు అటెండర్ చేతుల మీదే ఉండేవి. నాలుగో వారం ఇక ఉండబట్టలేక అడిగింది.

"కార్డు మాస్టారు ఏమయ్యారు?"

"పోయారట, మేడం. కార్డులు రాసేది మా నాన్నే, ఇక పేపరు ఆపేయండని పొద్దున్నే వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. చివరి రోజుల్లో కళ్లు ఆనకపోతే మీ పేజీ చదివించుకుని మరీ విన్నారట."

ఆమె సొరుగు లాగి పొట్లం విప్పింది.

అనుకున్న పుస్తకమే. దీనికి అట్ట ఉంది. పదిహేడు చోట్ల అంచుల్లో నీలం సిరా దిద్దుబాట్లు ఉన్నాయి. మొదటి పేజీలో, రచయిత పేరు కింద, ఒక కార్డు.

'అమ్మా, మీకు దొరికిన ప్రతికి అట్ట పోయి ఉంటుంది, లేకపోతే పేరు వేసేవారే. ఇది రెండో ముద్రణకి నోచుకోలేదు, దిద్దుకునే అవకాశం నాకు రాలేదు. మీ పుస్తకంలోనైనా దిద్దించుకుందామని ఆశ. ఇన్నాళ్లూ మిమ్మల్ని తప్పుపట్టానని బాధపడకండి, ఆ పదిహేడు తప్పులూ మీవి కావమ్మా, నావి.'