ఇనుప ముక్కు బూట్లు

స్టీఫెన్ తన్నిన తన్ను గురి తప్పింది. దుమ్ము లేచింది కానీ, అక్కడ సన్నీ కాలు లేదు.

"ఏంది బావా, బొగ్గు తవ్వుతున్నవా?" నవ్వుతూ బంతితో ఉరికాడు బామ్మర్ది సన్నీ. గోదావరిఖని కాలనీ మైదానం చుట్టూ జనం ఈలలేశారు.

స్టీఫెన్ నవ్వలేదు. ఆట బూట్ల అడుగు ఊడిందని రెఫరీ కుమారస్వామికి అబద్ధం చెప్పి, గనిలోకి వేసుకుపోయే ఇనుప ముక్కు బూట్లతో దిగాడు. అయినా పటాలం ఫుట్‌బాల్ జట్టులో ఆడి వచ్చిన సన్నీ కాళ్లు దొరకడం లేదు. రాత్రి రైలుకు సన్నీ వెళ్లిపోతాడు. సెలవు రద్దు, వెంటనే రమ్మని పొద్దున్నే ఫోన్ వచ్చింది. టీవీ నిండా సరిహద్దులో పేలుతున్న గుండ్లే.

ఆ పొద్దున చర్చి నుంచి రాగానే అత్త బుచ్చవ్వ స్టీఫెన్‌ను పెరట్లోకి పిలిచింది.

"వాళ్ల బాపును గని మింగింది. వీన్ని లడాయికి ఇయ్య, అల్లుడా. కాలు ఇరగ్గొట్టు. కుంటుకుంటనన్న నా కండ్ల ముంగట ఉంటడు."

"నాతోని కాదత్తా."

"గట్లయితే రేపు శవపెట్టె నువ్వే మొయ్యి."

స్టీఫెన్ మళ్లీ తన్నాడు. పిక్కకు తగిలింది. సన్నీ బోర్లా పడ్డాడు. మూతి పగిలి పళ్లన్నీ ఎర్రబడ్డాయి. లేచి బావ గల్లా పట్టాడు.

"పిచ్చిగిట్ల లేసిందా నీకు?"

స్టీఫెన్ మోచేత్తో అతని ముక్కు మీద గుద్దాడు. సన్నీ తలతో ఢీకొట్టాడు. స్టీఫెన్ కనుబొమ్మ చిట్లి, నెత్తురుతో ఒక కన్ను మూసుకుపోయింది. రెండు జట్లూ కలబడ్డాయి. ఎవరో మూల జెండా కర్ర పెరికారు. కుమారస్వామి విజిల్ ఎవరికీ వినపడలేదు.

ఆ తొక్కిసలాటలో సన్నీ జారి పడ్డాడు. కుడి కాలు చాచి ఉంది.

"మాఫ్ చెయ్‌రా," అంటూ స్టీఫెన్ రెండు బూట్లతో ఎగిరి దాని మీద దూకాడు.

గనిలో పైకప్పును మోసే దిమ్మె విరిగినట్టు చప్పుడైంది. సన్నీ అరుపుకు, కొట్టడానికి లేచిన చేతులు లేచినట్టే ఆగిపోయాయి. మోకాలి కింద ఎముక తోలు చీల్చుకొని బయటికొచ్చింది.

"ఎందుకు బావా? నీకేం జేసిన నేను?"

సన్నీ జట్టువాళ్లు కింద పడేసి తంతుంటే స్టీఫెన్ చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. పక్కటెముక కలుక్కుమంది. పోనీ. పిలగాడు బతుకుతడు, అనుకున్నాడు.

గట్టు మీద, కొడుకు బ్యాగు ఒళ్లో పెట్టుకున్న బుచ్చవ్వ చేతిలో సన్నీ ఫోన్ మోగింది. ఆమె స్పీకర్ నొక్కి, "ఎవలు?" అంది.

"హవల్దార్ అంబదాస్‌ను, మన ఆదిలాబాదోన్నే. సన్నీ రైలెక్కిండా?"

"వాని అవ్వను, బిడ్డా. వాడింక లడాయికి రాడు. ఆటల కాలు ఇరిగింది."

"వాన్ని లడాయికెవరు పిలిచిండ్రవ్వా? పటాలమంత సరిహద్దుకు పోయింది. ఫుట్‌బాల్ ఆడేటోళ్లనే పెద్ద కప్పు పోటీలకని పూనాల ఆపిండ్రు."